నోటిమాట మీద అప్పీలు లేదు

 

ఈవేళ తమిళనాట ఒట్టన్‌చత్రం, వేడసందూరు, దిండిగల్ చుట్టుపక్కల మన తెలుగిళ్ళలో పని పోయినవాళ్ళ సంగతి మాట్లాడుకుందాం. పని పోతే కొన్నాళ్ళపాటు చేతికి కొంత డబ్బు వచ్చే ఏర్పాటు మన దేశంలోనూ ఉంది. ఉందని తెలిసినవాళ్ళే తక్కువ. తెలిసి ఆఫీసు మెట్లెక్కినవాళ్ళలో కూడా "నీకు రాదు" అనిపించుకుని, మారుమాట లేకుండా బస్సెక్కి ఇంటికొచ్చేవాళ్ళున్నారు. ఆ "రాదు" అన్నమాట విన్న తర్వాత ఏం చెయ్యాలన్నదే నేను చెప్పబోయేది. ముందుగానే ఒక్క మాట చెప్పేస్తాను, మధ్యలో మళ్ళీ మళ్ళీ కూడా చెబుతాను. నోటిమాట మీద అప్పీలు లేదు. రాదన్నారా, ఎందుకు రాదో కాగితం మీద రాసిమ్మనండి.

నెలకు 21,000 రూపాయల వరకూ జీతమున్న మిల్లు పనివాళ్ళకు ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా ఉంటుంది. ఆస్పత్రి కార్డుగానే మనకది తెలుసు. జీతంలో నూటికి ముప్పావలా చందాగా మన దగ్గర కోస్తారు. యజమాని తన వంతుగా నూటికి మూడుంపావు కట్టాలి. 2019 జులై నుంచి ఇదే లెక్క. జ్వరానికీ కాన్పుకూ పనికొచ్చే ఆ సొమ్ములోంచే, పని పోయినప్పుడు ఇచ్చే భృతి కూడా వస్తుంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. నోరు తిరగకపోతే ఏబీవీకేవై అనండి, ఆఫీసువాళ్ళకు అర్థమవుతుంది. 2018 జులై 1న దీన్ని మొదలుపెట్టారు. గడువు పెట్టి మొదలుపెట్టిన పథకం కాబట్టి పొడిగిస్తూ వచ్చారు. మీ పని పోయిన తేదీకి అది అమల్లో ఉందా లేదా అన్నది ముందు కనుక్కోండి.

ఎంత వస్తుంది? మొదట రోజు సంపాదనలో పావు వంతే ఇచ్చేవారు. కరోనా వచ్చిన 2020లో సగం చేశారు. ఎక్కువలో ఎక్కువ 90 రోజులు. అదీ జన్మకొకసారే. రోజుకు సరాసరి 450 పడిన మనిషికి సగమంటే 225. తొంభై రోజులకు 20,250 రూపాయలు. నన్నడిగితే ఇది పిసినారి లెక్క. మూడు నెలల్లో కొత్త పని దొరికేస్తుందని ఎవరనుకున్నారో గాని, నలభై దాటిన ఆడమనిషికి మిల్లు గేటు దగ్గర ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియదు. అయినా ఇరవై వేలు వదులుకునే సొమ్ము కాదు. పిల్లల ఫీజు, చీటీ వాయిదా, మూడు నెలల బియ్యం అందులోంచి వెళ్ళిపోతాయి.

ఇక ఒక అక్కను ఊహించుకుందాం. పేరు పెట్టను. మీ వీధిలో వెతికితే మీకే దొరుకుతుంది. వేడసందూరు వైపు ఒక నూలు మిల్లులో ఏళ్ళ తరబడి సైడరు పని. రింగ్‌ఫ్రేముల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు అతికే పని. రాత్రి షిఫ్టు దిగి ఇంటికొస్తే జడ నిండా దూది పీచు. ఒకనాడు సూపర్వైజరు పిలిచి, "ఆర్డర్లు లేవు, ఫ్రేములు ఆపుతున్నాం, మళ్ళీ చెప్పినప్పుడు రా" అన్నాడు. అక్క నెలాగింది. మళ్ళీ చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎవరో చెబితే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్ళింది. కౌంటర్లో ఆయన కంప్యూటర్ చూసి, "మీరే మానేసినట్టు ఉందమ్మా, రాదు" అన్నాడు. నేనెక్కడ మానేశాను? వాళ్ళే కదా రావద్దన్నారు! అక్క ఆ మాట అనేలోపే వెనకాల మనిషి ముందుకు జరిగాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. తెర మీద అలాగే ఉంది. ఎలా వచ్చిందంటే, నెలనెలా యజమాని ఈఎస్‌ఐకి ఆన్‌లైన్లో ఒక లెక్క పంపుతాడు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఎన్ని రోజులు పని, ఎంత జీతం. ఎవరికైనా పని రోజులు సున్నా అయితే, ఎందుకో చెప్పడానికి అక్కడ ఒక అంకె వెయ్యాలి. 2 అంటే పని వదిలి వెళ్ళినట్టు. 10 అంటే మనుషులు ఎక్కువయ్యారని యజమాని తీసేసినట్టు. 11 అంటే పని లేనట్టు. అర్థమైంది కదా? అక్కకు పడాల్సింది 10 గాని 11 గాని. పడింది 2.

మిల్లు ఆఫీసులో ఆ లెక్క ఎక్కించే కుర్రాడికి వందల పేర్లు. పేరు పేరుకూ విచారించే తీరిక లేక వరసగా రెండు కొట్టుకుంటూ పోతాడు. అది ఒక రకం. ఇంకో రకం కూడా ఉంది. మనిషిని తీసేశానని యజమాని ఒప్పుకుంటే నెల నోటీసు ఇవ్వాలి, సర్వీసుకు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం కట్టాలి. తనంతట తానే వెళ్ళిపోయిందంటే ఆ గొడవే ఉండదు. తీరిక లేక కొట్టిన రెండూ ఉంది, తెలిసి కొట్టిన రెండూ ఉంది. ఏదైనా నష్టం అక్కకే.

ఎందుకంటే పథకంలో ఒక మాట ఉంది. తప్పు చేసి శిక్షగా పని పోగొట్టుకున్నవాళ్ళకూ, రిటైరైనవాళ్ళకూ, తమంతట తామే విరమించుకున్నవాళ్ళకూ భృతి లేదు. ఆ రెండు అంకె అక్కను ఈ మూడో గుంపులోకి నెట్టేసింది.

మరి అక్క ఏం చెయ్యాలి? మొదట అప్పీలు కాదు. మొదట కాగితం. "నా దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో రాసివ్వండి" అని బ్రాంచి మేనేజరుకు రెండు ముక్కల అర్జీ. రెండు కాపీలు. ఒకటి వాళ్ళకు, రెండోదాని మీద సీలు, తేదీ వేయించుకుని మనకు. అసలు దరఖాస్తే తీసుకోకుండా నోటిమాటతో పంపేశారా? అయితే దరఖాస్తు ముందు పెట్టాలి. పని పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్‌ఐ వెబ్‌సైట్లో మనమే పెట్టుకోవచ్చు. యజమాని సంతకం అక్కర్లేదు, ఆయన ద్వారా పంపనక్కర్లేదు. ఒకప్పుడు అది కావాలనేవారు, 2020లో తీసేశారు. నోటరీ అఫిడవిట్ కూడా ఆ ఏడాదే తీసేశారు. ఇప్పటికీ స్టాంపు కాగితం పట్టుకురమ్మనేవాళ్ళుంటే, ఆ మాట కూడా రాసిమ్మనండి.

రెండో ఉత్తరం మిల్లుకు. రిజిస్టరు పోస్టులో, అందినట్టు రసీదు వచ్చేలా. "నేను రాజీనామా చెయ్యలేదు. చేశానంటే నా సంతకమున్న ఉత్తరం చూపండి. ఆర్డర్లు లేవని ఫలానా తేదీన మీరే రావద్దన్నారు. ఈఎస్‌ఐ లెక్కలో నా కారణం సరిదిద్దండి." ఇంతే. తిట్లు వద్దు, ఏడుపు వద్దు. సూపర్వైజరు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరపకండి. అందులో తేదీ ఉంటుంది, గంట ఉంటుంది. గొంతుతో పంపిన మెసేజ్ అయినా సరే. మీతోపాటు అదే వారం ఆపేసినవాళ్ళుంటే వాళ్ళ చేత కూడా అర్జీలు పెట్టించండి. ఒకే వారంలో పదిమంది తమంతట తాము మానేశారంటే ఆఫీసరు కూడా ఆగి చూస్తాడు.

ఒక హెచ్చరిక. చేరిన రోజే తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకునే చోట్లు ఉన్నాయి. మీరూ అలా పెట్టి ఉంటే దాచకండి. ఆ సంగతి అర్జీలోనే రాసెయ్యండి. తర్వాత మిల్లువాళ్ళు ఆ కాగితం బయటికి తీస్తే, అప్పుడు చెప్పిన మాటకు అంత బలముండదు.

మళ్ళీ చెబుతున్నాను. నోటిమాట మీద అప్పీలు లేదు. మిల్లువాళ్ళు నోటితో రావద్దన్నారు, ఆఫీసువాళ్ళు నోటితో రాదన్నారు. రెండు నోటిమాటల మధ్య అక్క నలిగిపోయింది. రెండింటినీ కాగితం మీదికి తేవడమే సగం పని.

"రాదు" వెనకాల ఇంకో కారణం ఉంటుంది. రోజులు చాలలేదంటారు. ఈ లెక్క కాస్త నెమ్మదిగా వినండి. ఈఎస్‌ఐకి ఏడాదంటే రెండు ముక్కలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. మీరు కనీసం రెండేళ్ళు ఈఎస్‌ఐ ఉన్న పనిలో ఉండాలి. పని పోవడానికి ముందున్న ముక్కలో 78 రోజుల చందా ఉండాలి. దానికి ముందున్న మూడు ముక్కల్లో ఏదో ఒకదానిలో 78 రోజులుండాలి. అంటే చివరి ముక్కలో 78, పాత మూడింటిలో ఒకదానిలో 78. ఆరు నెలల్లో 78 రోజులంటే నెలకు పదమూడు. మిల్లులో నెలకు ఇరవయ్యారు రోజులు నిలబడినవాళ్ళకు ఇది పెద్ద లెక్క కాదు.

అయినా తక్కువ పడతాయి. మనం చేసింది ఇరవయ్యారు, మిల్లు చూపించింది పది. అప్పుడేం చెయ్యాలి? ఇంట్లో ఉన్న జీతం చీటీలు తియ్యండి. పీఎఫ్ పాసుబుక్కు ఫోన్లో తెరిస్తే నెలనెలా కట్టింది కనబడుతుంది. బ్యాంకు పుస్తకంలో జీతం పడిన తేదీలుంటాయి. ఈ మూడూ పక్కపక్కన పెడితే మిల్లువాళ్ళ లెక్క ఎక్కడ కుంటుతోందో తెలిసిపోతుంది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోనే ఒక మంచి ఏర్పాటు పెట్టారు. యజమాని చందా ఎగ్గొట్టినందువల్ల పనివాడికి రావాల్సింది రాకపోతే, ఈఎస్‌ఐ కార్పొరేషనే ఆ డబ్బు పనివాడికి ఇచ్చి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆయన తప్పుకు మీ పొట్ట కొట్టకూడదని దాని భావం. ఆ మాట కౌంటర్లో ఎవరూ మీకు చెప్పరు. మీరే అర్జీలో రాయాలి. సెక్షన్ నంబర్లు నేను కావాలనే చెప్పడం లేదు. పాత చట్టాలను 2020 సామాజిక భద్రతా సంహితలోకి చేర్చారు కాబట్టి నంబర్లు మారతాయి. విషయం రాయండి చాలు, నంబరు చూసుకోవడం వాళ్ళ పని.

పేరు తకరారు ఇంకోటి. ఇది మన తెలుగిళ్ళకు మరీ ఎక్కువ. ఇంట్లో తెలుగులో పిలుస్తారు, బళ్ళో తమిళంలో రాస్తారు, మిల్లులో ఇంగ్లీషులోకి ఎక్కిస్తారు. ఆధార్లో రంగనాయకి, ఈఎస్‌ఐలో రెంగనాయకి. పైగా ఇనీషియలొకటి. పెళ్ళికి ముందు తండ్రిది, పెళ్ళయ్యాక భర్తది. మనిషి ఒకతే, కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు. ఇది తిరస్కారం కాదు, దిద్దుబాటు. పని ఉన్నప్పుడే సరిచేయించుకుంటే మిల్లువాళ్ళే చేసిపెడతారు. పోయాక మనం తిరగాలి. ఇప్పుడు పనిలో ఉండి ఈ మాటలు వింటున్నవాళ్ళు ఈ ఒక్కటి ఈ వారంలోనే చూసుకోండి.

మిల్లు మొత్తానికి మూతపడితే, లేదా చట్టప్రకారం తీసేశామని ఒప్పుకుంటే ఇంకో పెద్ద భృతి ఉంది. 2005 ఏప్రిల్లో వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. దానికి కొన్నేళ్ళ చందా ఉండాలి. మొదటి పన్నెండు నెలలు జీతంలో సగం, తర్వాత పన్నెండు నెలలు పావు. మొత్తం రెండేళ్ళు. మూడు నెలలకూ రెండేళ్ళకూ ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడా కూడా చాలాసార్లు ఆ కారణం అంకె దగ్గరే తేలిపోతుంది.

ఇక్కడ ఒక మాట అనాలి. మనవాళ్ళకు కొంచెం గుచ్చుకుంటుంది. కోయంబత్తూరు మిల్లుల చరిత్రలో తెలుగువాళ్ళది పెద్ద చెయ్యి. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడు మొదలుకొని ఎందరో. తమిళనాట ఈఎస్‌ఐ మొట్టమొదట అడుగుపెట్టింది కూడా ఆ కోయంబత్తూరులోనే, 1955లో. మిల్లు పెట్టినవాళ్ళలో మనవాళ్ళున్నారు, ఫ్రేముల దగ్గర నిలబడినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. దానివల్ల ఒక మొహమాటం వచ్చిపడింది. యజమాని మనవాడే, మేనేజరు మామ వరస, పెళ్ళికి పిలిస్తే వచ్చాడు, ఆయన్ను కాగితం ఎలా అడుగుతాం? అడిగితే మర్యాదగా ఉండదేమో! ఇదీ వరస. మామ మర్యాదకేం లోటు రాదు. నూటికి మూడుంపావు ఆయన కట్టింది మీ పేరు మీదే, చట్టం కట్టమంది కాబట్టే. పెళ్ళి పిలుపు వేరు, పని పోయిన కాగితం వేరు. నేను చూసినంతలో, పరాయివాళ్ళ మిల్లులో పనిచేసినవాళ్ళే త్వరగా అడుగుతారు. మనవాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళే "పోనీలే" అంటారు.

సరే, అర్జీ పెట్టారు. జవాబు రాలేదు, లేదా రాదనే వచ్చింది. ఇప్పుడు మెట్లు చెబుతాను. బ్రాంచి మేనేజరు పైన మధురైలో ఈఎస్‌ఐ ఉపప్రాంతీయ కార్యాలయం ఉంది. మన దిండిగల్ జిల్లా దాని కిందికే వస్తుంది. అక్కడికి రాయండి, బ్రాంచి ఇచ్చిన కాగితం జతచెయ్యండి. సువిధా సమాగం అని ఫిర్యాదులు వినడానికే సమావేశాలు పెడతారు. ఎప్పుడో కనుక్కుని మనిషే వెళ్ళడం మేలు. ఈఎస్‌ఐ ఉచిత ఫోన్ నంబరు 1800 11 2526. మళ్ళీ చెబుతాను, రాసుకోండి. 1800 11 2526. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్లోనూ పెట్టవచ్చు. అక్కడ ఇచ్చిన జవాబు నచ్చకపోతే దాని మీద అప్పీలు చేసే వీలుంది.

కారణం రాసివ్వడానికే మొరాయిస్తున్నారా? సమాచార హక్కు ఉంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ఒక కాగితం. "నా దరఖాస్తు ఏ కారణం మీద, ఏ రికార్డు చూసి తిరస్కరించారు? ఆ రికార్డు నకలు ఇవ్వండి." 30 రోజుల్లో జవాబివ్వాలి. తమిళంలో రాయొచ్చు. మనకు తెలుగు మాట్లాడ్డం వచ్చుగాని రాయడం అలవాటు పోయింది కదా, ఇది ఒకందుకు మంచిదే. బడికెళ్ళే పిల్లల చేత రాయించండి. వాళ్ళకూ అర్జీ రాయడం వస్తుంది.

ఒట్టన్‌చత్రం గాంధీ మార్కెట్లో తెల్లవారకముందే కేరళ లారీలకు బస్తాలెత్తే అన్నలు, ములక్కాడ కట్టలు కట్టే అక్కలు ఇదంతా విని, "మా సంగతేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. మీకు ఈఎస్‌ఐ లేదు, కాబట్టి ఈ భృతి లేదు. నిజం అంతే, తీపి మాటలు చెప్పను. ఊళ్ళల్లో నూరు రోజుల పనికి వెళ్ళేవాళ్ళకు మాత్రం ఒక సంగతి. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు, తర్వాత కనీసం సగం. ఎవరి చేతికైనా వచ్చిందా అని మీ పంచాయతీలో అడిగి చూడండి. పని కావాలని మనం నోటితో అడుగుతాం. తేదీ వేసిన రసీదు తీసుకోం. రసీదు లేకపోతే పదిహేను రోజులు ఎప్పటినుంచి లెక్కపెడతారు? ఇక్కడా అదే జబ్బు. నోటితో అడిగినదానికి లెక్కలేదు.

చదువుకుని ఎంప్లాయిమెంట్ ఆఫీసులో పేరు నమోదు చేసుకున్న పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలసరి సాయం వేరు. చిన్న మొత్తమే. నమోదై ఐదేళ్ళు దాటాలి. నమోదును మధ్యలో రెన్యూ చెయ్యడం మరిచిపోతే అది పోతుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పను, ఈవేళ వ్యవధి చాలదు.

చివరి మెట్టు కోర్టు. కోర్టంటే భయపడకండి. ఈఎస్‌ఐ తగాదాలకు ప్రత్యేకంగా ఉద్యోగుల బీమా కోర్టు అని పెట్టారు. మన తమిళనాట చాలాచోట్ల లేబర్ కోర్టే ఆ పని చూస్తుంది. పనివాడికీ ప్రభుత్వ ఆఫీసుకూ తగాదా వస్తే వినడానికి మూడో మనిషి ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1911లో బ్రిటన్ నిరుద్యోగ బీమా పెట్టినప్పుడే, రాదన్నవాళ్ళ గోడు వినడానికి వేరే ఏర్పాటు కూడా పెట్టింది. మన చట్టం ప్రకారం తగాదా పుట్టిన మూడేళ్ళ లోపు ఆ కోర్టుకు వెళ్ళాలి. మూడేళ్ళున్నాయి కదా అని కూర్చోకండి. మిల్లు చేతులు మారుతుంది, సూపర్వైజరు ఊరు మారుతాడు, ఫోన్ మారితే మెసేజీలు పోతాయి. అటల్ భృతిని ప్రత్యేక పథకంగా పెట్టారు కాబట్టి, అది ఆ కోర్టు పరిధిలోకి రాదని ఆఫీసువాళ్ళు అక్కడ వాదించవచ్చు. అందుకే కోర్టుకు ముందు మెట్లన్నీ ఎక్కి, ప్రతి మెట్టు దగ్గరా కాగితం తీసుకోమంటున్నాను. రోజుల చందా ఎగ్గొట్టిన తగాదా అయితే అది నేరుగా ఆ కోర్టు వినే తగాదాయే.

అక్కడ లాయరే ఉండాలని లేదు. రిజిస్టరైన యూనియన్‌లో పదవిలో ఉన్నవాళ్ళు మీ తరఫున నిలబడి మాట్లాడవచ్చు. అందుకు మీరు రాతపూర్వకంగా అధికారమివ్వాలి. మీ మిల్లులో యూనియన్ లేకపోతే దిండిగల్‌లో ఉన్న యూనియన్ ఆఫీసుల్లో అడగండి. వెళ్ళేటప్పుడు సీలు వేయించుకున్న కాపీ, మిల్లుకు పంపిన రిజిస్టరు పోస్టు రసీదు, పీఎఫ్ పాసుబుక్కు ప్రింటు, ఆధారు నకలు ఒక కవర్లో పెట్టుకెళ్ళండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్ళే ఇవ్వండి.